మా ఎనుముల మీద వాలే ఈ జోరీగ కొత్త జాతేనా? పురుగుల సంగతి తెలిసినవాళ్లు చూడండి

కాలువగట్టు
సెప్టెంబర్ 6, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది కర్నూలు దగ్గర పల్లె, కేసీ కాలువ కింద వరి. రెండు ఎనుములు, ఒక జత ఎద్దులు ఉన్నాయి. వానలు పడినప్పటి నుంచి జోరీగల బాధ ఎక్కువైంది. ఎద్దు తోక కొట్టుకుని కొట్టుకుని అలసిపోతోంది. అది ఏటా ఉండేదే. కానీ ఈసారి ఒక రకం మీద నా కన్ను పడింది. పొట్ట మీద నిలువుగా మూడు లేత చారలు. కళ్లు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి, వాటికి అడ్డంగా ఊదారంగు గీత. ఇంత అందమైన కన్ను ఈగకు ఉంటుందని నాకు తెలియదు. రెండు రాత్రులు నెట్‌లో వెతికా, అచ్చం ఇలాంటి బొమ్మ ఎక్కడా దొరకలేదు.

ఇది కొత్త జాతి అయితే ఎవరికి చెప్పాలి? పేరు నేనే పెట్టొచ్చా? మా నాయన పేరు పెట్టాలని ఉంది. నవ్వకండి.

ఉగ్గాని బజ్జీ
సెప్టెంబర్ 6, రాత్రి 9:32

నవ్వొద్దంటే ఎట్లన్నా. రక్తం తాగే ఈగకు నా పేరు పెడతావా అని మీ నాయన చెర్నాకోల తీసుకుంటే ఫొటో పెట్టు.

రెండు రెక్కలు
సెప్టెంబర్ 6, రాత్రి 10:15

కాలువగట్టు అన్నా, నేను కడపలో ఉంటా, ఈగల మీదే పరిశోధన చేస్తున్నా. ఇక్కడ మా ఇంట్లో వాళ్లు కూడా నవ్వుతారు, అలవాటైపోయింది.

ముందు ఒక మాట. నెట్‌లో బొమ్మ లేదంటే జాతి కొత్తదని కాదు. జోరీగల కుటుంబం పేరు టబానిడే. ప్రపంచంలో ఇప్పటికి సుమారు 4,500 జాతులకు పేర్లున్నాయి. వాటిలో చాలావాటికి సజీవంగా తీసిన ఫొటో ఒక్కటి కూడా లేదు. ఎక్కడో మ్యూజియం పెట్టెలో సూదికి గుచ్చిన ఒక ఎండు ఈగ, వందేళ్ల కిందటి పత్రికలో పది పదిహేను వాక్యాల వర్ణన, అంతే. మీ ఈగను పోల్చాల్సింది వాటితో. గూగుల్‌తో కాదు.

మీరు పట్టింది కచ్చితంగా ఆడది. కరిచేది ఆడదే, గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. మగది పూలలో తేనె తాగి బతుకుతుంది. చూడగానే తేడా తెలుస్తుంది: మగదానికి రెండు కళ్లూ నడినెత్తిన అతుక్కుని ఉంటాయి, ఆడదానికి మధ్యలో సందు ఉంటుంది. ఆ సందే మాకు ముఖం. అది ఎంత వెడల్పు, ఎంత పొడవు, కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుందా, అందులో నున్నగా మెరిసే బొడిపె ఏ ఆకారంలో ఉంది, దాని పైన గీతలా సాగిందా లేదా... సగం జాతులు అక్కడే తేలిపోతాయి.

ఫొటో పెడితే తల ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి (మీసాలు కనబడాలి), రెక్క పరిచి ఒకటి పెట్టండి.

కాలువగట్టు
సెప్టెంబర్ 6, రాత్రి 10:40

మీసాలు దేనికి తమ్ముడూ?

రెండు రెక్కలు
సెప్టెంబర్ 6, రాత్రి 11:02

మీసంలో మూడు భాగాలు. మూడోదాని మొదట్లో వెడల్పైన పలక, దాని మీద ముల్లులాంటి మొన, చివర చిన్న చిన్న ఉంగరాలు. టబానస్ అనే ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) ఆ ఉంగరాలు నాలుగు, హెమటోపోటా అనేదానిలో మూడు. ఆ మొన ఎంత పొడుచుకొచ్చింది అన్నదాని మీద పేజీలు రాశారు. రెక్క చివర నరం చీలి రెండుగా పోతుంది, ఆ చీలిక దగ్గర చిన్న తోకలాంటి అదనపు నరం ఉందా లేదా చూస్తాం. తమ్ముడు కాదు, చెల్లెల్ని.

కాలువగట్టు
సెప్టెంబర్ 6, రాత్రి 11:05

తప్పైంది చెల్లెమ్మా.

పశువుల డాక్టర్
సెప్టెంబర్ 7, ఉదయం 6:50

అనంతపురం నుంచి. పేరు తర్వాత పెట్టుకోవచ్చు, ముందు ఎనుములు ఎలా ఉన్నాయి? పాలు తగ్గాయా? జ్వరం వచ్చి పోతోందా? జోరీగలు ఇంతగా ఉన్నచోట సర్రా జబ్బు సంగతి మరిచిపోకూడదు. దాని క్రిమి ట్రిపనోసోమా ఇవాన్సై. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాలు, ఒంటెల రక్తంలో దీన్ని కనుక్కున్నాడు. ఇప్పుడా ఊరు పాకిస్తాన్‌లో ఉంది.

జోరీగ నోరు దోమ నోరులా సూది కాదు, కత్తెర. చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని నాకుతుంది. అందుకే అంత నొప్పి. నొప్పికి ఎద్దు విదిలిస్తుంది, ఈగ సగం కడుపుతో లేచి పక్క ఎద్దు మీద వాలుతుంది. మూతికి అంటిన తడి రక్తంతో పాటే క్రిమి కూడా పోతుంది. ఎనుముల్లో, ఆవుల్లో చాలాసార్లు జబ్బు పైకి కనబడదు. పాలు తగ్గడం, చిక్కిపోవడం, ఈసుకుపోవడం (చూలు పోవడం) లాంటివి ఉంటాయి. గుర్రానికి, కుక్కకు వస్తే మాత్రం తీవ్రంగా ఉంటుంది. అనుమానం ఉంటే జ్వరం ఉన్నప్పుడే రక్తం పరీక్ష చేయించండి. మందు సొంతంగా కొని పొడిపించొద్దు.

ఇంకోటి. చాలామంది సాయంత్రం వేపాకు పొగ పెట్టి జోరీగలు పోలేదంటారు. పొగ వేళకు తిరిగేది దోమ. జోరీగది పట్టపగలు ఎండలో పని. అది చీకటి కొట్టంలోకి పెద్దగా రాదు. ఎండ మండే వేళ పశువుల్ని కొట్టంలో కట్టేసి చల్లబడ్డాక తోలితే సగం బాధ తప్పుతుంది.

కడప కెమెరా
సెప్టెంబర్ 7, ఉదయం 8:20

డాక్టర్ గారూ, అనంతపురంలో కూడా ఇంత ఉన్నాయా? ఎండిన జిల్లా కదా అనుకున్నా.

పశువుల డాక్టర్
సెప్టెంబర్ 7, మధ్యాహ్నం 1:15

జిల్లా ఎండినా చెరువు కట్ట కింద బురద ఎండదు కదమ్మా. నీళ్ల మీదికి వంగిన ఆకుల కింద వందల గుడ్లు ఒకే ముద్దగా పెడుతుంది. తెల్లగా పెట్టినవి కాసేపటికి నల్లబడతాయి. పిల్లపురుగు బురదలోకి జారి వానపాముల్ని, వేరే పురుగుల్ని తిని పెరుగుతుంది. హంద్రీనీవా కాలువ నీళ్లు వచ్చి చెరువులు నిండిన పల్లెల్లో జోరీగల ఫిర్యాదు ఎక్కువ వింటున్నా. లెక్కలు వేసి చెప్పడం లేదు, తిరిగే దారిలో చెవిన పడిన మాట.

ఉగ్గాని బజ్జీ
సెప్టెంబర్ 7, మధ్యాహ్నం 1:40

చెవిన పడింది మాటేనా సార్, జోరీగా?

కాలువగట్టు
సెప్టెంబర్ 9, రాత్రి 8:30

డాక్టర్ గారూ, మా ఊరి ఆసుపత్రిలో రక్తం ఇచ్చినా, ఏమీ లేదన్నారు. సంతోషం.

చెల్లెమ్మా, కొంప మునిగింది. మొన్న మూడు పట్టి టిఫిన్ డబ్బాలో వేసి ఫ్రిజ్ పై అరలో పెట్టినా (అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు). చచ్చాక సూదికి గుచ్చినా. ఈరోజు చూస్తే కళ్లు నల్లగా, గోధుమరంగుగా అయిపోయినాయి. చార లేదు, పచ్చదనం లేదు. ఈ ఫొటో చూసి మీరు నమ్ముతారా? నేను అబద్ధం చెప్పినట్టు ఉంది.

రెండు రెక్కలు
సెప్టెంబర్ 9, రాత్రి 9:05

నమ్ముతాను అన్నా, టెన్షన్ పడకండి. ఆ రంగు సిరా లాంటి రంగు కాదు. కంటి పైపొరలో సన్నటి పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, వెలుగు వాటి మధ్య తిరిగి వచ్చేటప్పుడు రంగుగా కనబడుతుంది, సబ్బు బుడగ మీద కనబడినట్టు. ఈగ ఎండితే పొరల మధ్య ఎడం మారిపోతుంది, రంగు పోతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో తడి దూది పెట్టి, దాని పక్కన ఈగను ఒక రాత్రి ఉంచండి. దూది ఈగకు తగలకూడదు. రేపు పొద్దున చూడండి.

కాలువగట్టు
సెప్టెంబర్ 10, ఉదయం 6:15

వచ్చింది!!! చార వచ్చింది! అంత మెరుపు లేదు గానీ గీత స్పష్టంగా ఉంది. అమ్మను పిలిచి చూపించినా. "ఈగ కళ్లు చూసినంత శ్రద్ధగా కరెంటు బిల్లు చూడరాదా" అంది.

గుత్తి మాస్టారు
సెప్టెంబర్ 10, ఉదయం 10:30

రిటైరైన జంతుశాస్త్రం లెక్చరర్‌ని. రెండు రోజులుగా చదువుతున్నాను, ఉండబట్టలేక రాస్తున్నాను.

మన వైపు జోరీగల మీద గట్టి పని చేసిన తొలి వ్యక్తుల్లో గెర్‌ట్రూడ్ రికార్డో అనే ఆవిడ ఒకరు. 1911లో తూర్పు దేశాల జాతులన్నిటినీ తిరిగి పరిశీలించి, కలకత్తా ఇండియన్ మ్యూజియం పత్రికలో ప్రచురించారు. ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఆ కాలంలో ఎక్కడో దొరకపట్టిన ఈగలు ఎండి, పెట్టెల్లో ప్రయాణించి, పండితుల బల్ల మీదికి చేరేవి. అలా చేరినవాటిలో కంటిచార చాలాసార్లు మాసిపోయేది. కాలువగట్టులాంటి వాడికి ఎనుము వీపు మీదే అది పచ్చగా కనబడుతుంది. కాబట్టి నాయనా, ఫ్రిజ్‌లో పెట్టేముందు బతికున్న ఈగ కంటికి ఫొటో తీయడం మాత్రం మానకు.

కడప కెమెరా
సెప్టెంబర్ 10, ఉదయం 11:10

ఫోన్‌కు చిన్న మాక్రో లెన్స్ దొరుకుతుంది అన్నా. ఈగను గాజుగ్లాసు కింద మూసి, నీడలో పెట్టి తీయండి. ఫ్లాష్ వద్దు, మెరుపులో చార కనబడదు.

ఉగ్గాని బజ్జీ
సెప్టెంబర్ 11, సాయంత్రం 5:20

టాపిక్ మార్చినందుకు తిట్టకండి. జీబ్రాకు చారలుంటే ఈగలు వాలవంట, నిజమేనా? మా ఎనుముకు సున్నం చారలు కొడితే?

పశువుల డాక్టర్
సెప్టెంబర్ 11, సాయంత్రం 6:00

నవ్వులాట కాదు, చేసి చూశారు. 2019లో జపాన్‌లో నల్ల ఆవులకు తెల్లరంగుతో చారలు వేస్తే కరిచే ఈగలు వాలడం దాదాపు సగానికి తగ్గింది. గుర్రాలకు చారల గుడ్డ కప్పి ఇంగ్లండ్‌లోనూ చూశారు. ఈగ దగ్గరదాకా వస్తుంది గానీ సరిగా వాలలేదు.

ఉగ్గాని బజ్జీ
సెప్టెంబర్ 14, సాయంత్రం 6:45

కొట్టినాను సార్. అరగంట నిలిచింది. నేరుగా పోయి కుంటలో పడుకుంది. ఎనుముకు బురద ఉండగా మన సున్నం ఎందుకు!

కాలువగట్టు
సెప్టెంబర్ 15, రాత్రి 9:00

చెల్లెమ్మా, పేరు సంగతి చెప్పనేలేదు మీరు.

రెండు రెక్కలు
సెప్టెంబర్ 15, రాత్రి 10:30

పేరు చివరి పని అన్నా, అందరూ ముందు అదే అడుగుతారు. జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది. పేరు లాటిన్ అక్షరాల్లో ఉండాలి. ముందు ప్రజాతి, తర్వాత జాతి. ఈ పద్ధతికి మొదలు 1758, స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ జంతువులకు ఇలా పేర్లు పెట్టిన సంవత్సరం. టబానస్ అనే పేరు పెట్టింది కూడా ఆయనే. మగవాళ్ల పేరు పెడితే చివర 'ఐ' చేరుస్తాం, ఆడవాళ్ల పేరైతే 'ఏ', ఊరి పేరైతే 'ఎన్సిస్'. మీరే వర్ణించి మీ పేరే పెట్టుకోవడాన్ని నియమం ఆపదు, కానీ అది మర్యాద కాదు. నాయన పేరు పెట్టడంలో తప్పేం లేదు.

పేరు చెల్లాలంటే ఒకే ఒక్క ఈగను హోలోటైప్‌గా చూపాలి. ఆ పేరుకు సాక్షి అదే. రేపు ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే తీసి చూస్తారు. అది ఏ సంస్థలో ఉందో రాయాలి. మన దేశంలో 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి దొరికితే ప్రభుత్వం గుర్తించిన సంస్థకు తెలిపి నమూనా అక్కడ ఉంచాలి. జంతువులకైతే 1916లో మొదలైన జువాలజికల్ సర్వే, కలకత్తా. ఇవన్నీ అయ్యాక వర్ణన అచ్చులోకి రావాలి. ఈ చర్చలో మనం ఏ పేరు అనుకున్నా అది పేరు కాదు.

తొందర కూడా లేదు. ఆస్ట్రేలియాలో 1981లో దొరికిన ఒక జోరీగ ముప్పై ఏళ్లు పెట్టెలో ఉండి 2011లో పేరు తెచ్చుకుంది. పొట్ట చివర బంగారు వెంట్రుకలు ఉన్నాయని గాయని బియాన్సే పేరు పెట్టారు. ఈగ దొరికిన ఏడు, ఆమె పుట్టిన ఏడు ఒకటే.

ఉగ్గాని బజ్జీ
సెప్టెంబర్ 15, రాత్రి 10:41

చూసినావా అన్నా, ఇప్పుడు మీ నాయన ఒప్పుకుంటాడు.

గుత్తి మాస్టారు
సెప్టెంబర్ 16, ఉదయం 9:15

అమ్మాయి చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఈగ కంటే దాని కింద గుచ్చే చీటీ ముఖ్యం. ఎక్కడ, ఎప్పుడు, దేని మీద, ఎవరు పట్టారు. చీటీ లేని పురుగు ఇంటిపేరు లేని శవం.

మా గుత్తి పేరు ప్రపంచమంతా మోస్తున్న నీలం సాలీడు ఉంది, పోసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిందని రాశారు. నమూనా నిజమే, ఊరూ నిజమే. కానీ అది గుత్తి సాలీడు కాదు. కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుంది. వందేళ్ల తర్వాత 2001లో మళ్లీ కనబడింది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. మా గుత్తి కొండల్లో వెతికి వెతికి రాళ్లు లెక్కపెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

కాలువగట్టు
సెప్టెంబర్ 16, రాత్రి 8:20

అర్థమైంది సార్. దసరా కాగానే మా బామ్మర్ది కడపకు పోతాడు, వాడి చేతికిచ్చి పంపుతా.

రెండు రెక్కలు
సెప్టెంబర్ 16, రాత్రి 9:00

సూది డబ్బా అడుగున థర్మకోల్‌లో గట్టిగా దిగాలి. ఆ డబ్బాను ఇంకో పెద్ద డబ్బాలో దూది మధ్య పెట్టండి. ఒక కలరా ఉండ కూడా, సూదికి గుచ్చి కదలకుండా. ఊరికే వేస్తే బస్సు కుదుపులకు అదే దొర్లి ఈగల్ని పొడి చేస్తుంది. బామ్మర్దికి ఒళ్లో పెట్టుకోమని చెప్పండి.

రెండు రెక్కలు
అక్టోబర్ 12, రాత్రి 11:20

డబ్బా క్షేమంగా చేరింది. నాలుగు రోజులు మైక్రోస్కోపు కింద చూశా. అన్నా, మనసు కష్టపెట్టుకోకండి. మూడు చారల ఈగ కొత్తది కాదు. టబానస్ స్ట్రయేటస్ గుంపులోది. స్ట్రయేటస్ అంటేనే చారలది. పశువుల మీద మామూలుగా కనబడే గుంపు, డాక్టర్ గారు చెప్పిన సర్రాకు పేరుమోసింది కూడా ఇదే. నుదుటి బొడిపె, మీసం, రెక్క, అన్నీ సరిపోయాయి. మీరు తీసిన ఈగ కంటి ఫొటో మాత్రం నా దగ్గర దాచుకుంటున్నా, అంత మంచిది నేనూ తీయలేదు.

ఇప్పుడు అసలు సంగతి. డబ్బా మూలలో, సూది కూడా లేకుండా, దూదికి చిక్కుకుని ఇంకో చిన్న ఈగ ఉంది. బూడిదరంగు, రెక్కల మీద ముగ్గు చల్లినట్టు మచ్చలు. ఇది ఎక్కడిది?

కాలువగట్టు
అక్టోబర్ 13, ఉదయం 5:50

అదా? అది చప్పుడు లేకుండా వచ్చి నా మోచేతి మీద కరిచింది, చరిచి డబ్బాలో వేసినా. చిన్నది కదా అని పట్టించుకోలేదు. ఏముంది అందులో?

రెండు రెక్కలు
అక్టోబర్ 13, ఉదయం 7:30

అది హెమటోపోటా. వాలినప్పుడు రెక్కల్ని ఇంటికప్పులా వంచి పెట్టుకుంటుంది, మీరన్నట్టు చప్పుడు చేయదు. ఈ ప్రజాతిలో 500 పైన జాతులున్నాయి, రెక్క మీద ముగ్గు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. దీని ముగ్గు నా దగ్గరున్న గుర్తింపు కీలలో (జాతిని తేల్చే లక్షణాల పట్టికల్లో) దేనికీ కుదరడం లేదు. మీసం మొదటి భాగం ఉబ్బు కూడా తేడాగా ఉంది.

కొత్తదని నేను అనడం లేదు. ఒక్క ఆడ ఈగ, అదీ చరుపు దెబ్బకు ఒక వైపు నలిగింది. ఒకే జాతిలో ఈ మాత్రం తేడాలు ఉండొచ్చు. ఇంకా ఆడవి కావాలి, మగది కావాలి, కలకత్తా పెట్టెల్లో ఉన్నవాటితో పోల్చాలి, ఒక కాలు తీసి డీఎన్ఏ చూడాలి. రెండు మూడేళ్ల పని.

ఎక్కడ కరిచింది చెప్పండి. ఊరు, స్థలం, తేదీ.

కాలువగట్టు
అక్టోబర్ 13, రాత్రి 9:40

పగలంతా అదే ఆలోచన. దసరాకు అత్తగారి ఊరు పోయినాం, ఆత్మకూరు పక్కన, నల్లమల అంచు. పట్టేవాటి కోసం డబ్బా జేబులోనే ఉంది. వచ్చిన మర్నాడు మా కాలువ దగ్గర కూడా తిరిగినా. రెండుచోట్లా కరిచినాయి. ఈ ఈగ ఎక్కడిదో ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు. మోచెయ్యి మాత్రం గుర్తుంది.

గుత్తి మాస్టారు
అక్టోబర్ 13, రాత్రి 10:05

నాయనా, నేను సాలీడు కథ చెప్పింది సెప్టెంబర్ 16న.

కాలువగట్టు
అక్టోబర్ 13, రాత్రి 10:07

తిట్టండి సార్. పడతా.

కడప కెమెరా
అక్టోబర్ 14, ఉదయం 7:00

తిట్టడం ఎందుకు మాస్టారూ. 1900 తర్వాత కనబడని కలివికోడి అనే పక్షి 1986లో మన లంకమల అడవిలో మళ్లీ దొరికింది ఊరివాళ్ల సాయంతోనే కదా. మళ్లీ వెతుకుదాం. ఆ వైపు నాకు తెలిసినవాళ్లు ఉన్నారు. కాకపోతే అభయారణ్యం లోపలికి పోయి పట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ఊరి పొలాల్లో, కొట్టాల దగ్గర చూడండి చాలు.

రెండు రెక్కలు
అక్టోబర్ 14, ఉదయం 8:45

రెండుచోట్లా వెతకాలి, దొరికిన చోటే కాదు, దొరకని చోటు కూడా రాసుకోవాలి. మగది కరవదు కాబట్టి ఎనుము దగ్గర కాపు కాస్తే రాదు. పాత దోమతెరను గుడారంలా పొలం గట్టున కట్టండి. ఎగిరే పురుగు గుడ్డకు తగిలితే పైకి పాకుతుంది, పై మూలలో సీసా బిగించండి. అందులో మగవీ పడతాయి. లేదంటే తడి నేల తవ్వి పిల్లపురుగుల్ని పెంచడం ఒక్కటే దారి. ఒక్కోదాన్ని ఒక్కో డబ్బాలో వేయాలి, కలిపి పెడితే ఒకదాన్నొకటి తింటాయి. అమ్మ ఒప్పుకుంటుందా?

కాలువగట్టు
అక్టోబర్ 14, రాత్రి 8:15

అమ్మకు ఇంకా చెప్పలేదు. దోమతెర ఆమెదే.

ఆదివారం ఆత్మకూరు బస్సెక్కుతున్నా. అత్తకు ఫోన్ చేసి మధ్యాహ్నం దాకా ఎనుమును కుంటకు తోలొద్దని చెప్పినా. అల్లుడు ఈగల కోసం వస్తున్నాడంట అని వీధంతా చెప్పేసింది. చీటీలు ఇరవై రాసి పెట్టుకున్నా, ఊరు, తేదీ, వేళ, దేని మీద వాలింది. కాలువవి తెల్ల కాగితం, ఆత్మకూరువి పసుపు కాగితం. డబ్బాలు కూడా రెండు.

ఉగ్గాని బజ్జీ
అక్టోబర్ 14, రాత్రి 8:30

పసుపు చీటీ గెలిస్తే అత్త పేరు పెట్టాల్సి వస్తుంది, చివర 'ఏ' మర్చిపోవద్దు. మీ నాయనకు నేను చెప్తాలే.